614 అని ఒకచోట, 966 అని ఇంకోచోట: ప్రాజెక్టు పనిలో లైబ్రరీ ఎంత, ఇంటర్నెట్ ఎంత

తిరుమల గుడిలోని భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సమర్పించింది పల్లవ వంశపు రాణి సామవై. తిరుపతిలో చరిత్ర చదివేవాళ్లందరికీ తెలిసిన సంగతే. ఏ ఏడాది సమర్పించింది అని ఫోన్‌లో వెతికితే మాత్రం కొన్ని పేజీలు 614 అంటాయి, కొన్ని 966 అంటాయి. మూడున్నర శతాబ్దాల తేడా! అయినా రెండు రకాల పేజీలూ ఒకే ధీమాతో చెబుతాయి. ముందు కనబడిన పేజీలోంచి అంకె ఎత్తి రాసుకున్న విద్యార్థికి వైవాలో "ఎక్కడిదీ సంవత్సరం?" అన్న ఒక్క ప్రశ్న చాలు, నోరు పెగలదు.

దేవస్థానం 1930లలో అచ్చువేయించిన శాసన సంపుటాల్లో మొదటిది తీస్తే చిక్కు ఎక్కడ పడిందో తెలుస్తుంది. శాసనంలో మనం వాడే సంవత్సరం లేదు. ఫలానా రాజు పాలనలో పద్నాలుగో ఏడు అని ఉంది, అంతే. ఆ రాజు పేరు 'మహేంద్ర' అనే మాట కలిసిన తమిళ రూపంలో ఉంది. అతను ఏడో శతాబ్దపు మొదటి మహేంద్రవర్మ అనుకుంటే లెక్క 614కి తేలుతుంది. పదో శతాబ్దపు పార్థివేంద్రవర్మ అనుకుంటే 966 దగ్గరికి వస్తుంది. ఇప్పటి చరిత్ర రచనల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. రాయి మీదున్న వాక్యం ఒకటే, దానికి చెప్పుకున్న అర్థాలు రెండు. వెబ్ పేజీ అర్థాన్ని ఇచ్చి వాక్యాన్ని వదిలేసింది.

ఇక్కడే చాలామంది తొందరపడి "చూశారా, లైబ్రరీయే గొప్ప" అంటారు. అదీ సరికాదు. ఆ సంపుటాలు స్కాన్ అయి ఇంటర్నెట్‌లోనే దొరుకుతాయి. అలాగే లైబ్రరీ బీరువాలో ఉన్న స్థలపురాణాల్లో, యాత్రా గైడ్లలో 614 అనే అంకె నిక్షేపంగా అచ్చయి ఉంటుంది. కాగితమా తెరా అన్నది పెద్ద విషయం కాదు. మీ చేతికి వచ్చింది మూలమా, మూలం చూసినవాళ్ల మాటా, ఆ మాట విన్నవాళ్ల మాటా అన్నదే అసలు తేడా. అయితే లైబ్రరీలో ఆ మూడింటినీ వేరువేరు అరల్లో పెట్టిన మనిషి ఒకరుంటారు. సెర్చ్ ఇంజన్ మూడింటినీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో చూపిస్తుంది. ఏది ఏదో విడదీసే పని మీ మీద పడుతుంది.

అచ్చు పుస్తకం ఓడిపోయే చోటు

ఎర్రచందనం మీద బోటనీ ప్రాజెక్టు చేసే విద్యార్థిని తీసుకోండి. శేషాచలం కొండల్లో పెరిగే ఈ చెట్టు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ఏ మెట్టు మీద ఉంది? మొదట్లో 'అంతరించే ముప్పు ఉన్నది' అన్న వర్గంలో ఉండేది. 2018లో దాన్ని ఒక మెట్టు తగ్గించి 'ముప్పుకు దగ్గరలో ఉన్నది' అన్నారు. ఆ తర్వాత మళ్లీ పాత వర్గంలోకే తెచ్చారు. 2019లోనో 2020లోనో అచ్చయిన పుస్తకం చదివి రాస్తే జవాబు తప్పు. ఆ పుస్తకం రాసినవాళ్ల తప్పేమీ లేదు. ఇలాంటి ప్రశ్నకు లైబ్రరీ అర దగ్గర నిలబడటమే వృథా. నేరుగా ఎర్ర జాబితా సైట్‌కే వెళ్లి, చెట్టు శాస్త్రీయ నామంతో వెతికి, అంచనా వేసిన తేదీ ఏమిటో చూసి రాసుకోవాలి. శాస్త్రీయ నామంతోనే ఎందుకంటే, ఇంగ్లీషులో చందనం అన్న మాటతో వెతికితే శ్రీగంధం చెట్టు వివరాలు వచ్చి కలుస్తాయి. అవి రెండూ వేరు జాతులు, వేరు కుటుంబాలు కూడా.

అయితే ఆ చెట్టు ఎలా పెరుగుతుంది, కలప నిర్మాణం ఏమిటి, పూర్వం అటవీ శాఖ ప్లాంటేషన్లు ఎలా వేసింది అన్న ప్రశ్నలకు పాత అటవీ వర్కింగ్ ప్లాన్లు, ఒక ప్రాంతపు మొక్కలన్నిటినీ వర్ణించే పాత ఫ్లోరా గ్రంథాలే దిక్కు. ఒకే ప్రాజెక్టులో ఒక అధ్యాయం నెట్ మీద, ఇంకో అధ్యాయం లైబ్రరీ మీద నడవాల్సి వస్తుంది. కాబట్టి ముందు ప్రశ్నని ముక్కలు చేసి, ఒక్కో ముక్క పక్కన "ఇది మారే విషయమా, మారని విషయమా" అని రాసుకోవాలి. చట్టాలు, ధరలు, జనాభా అంచనాలు, వైద్యం, జాతుల హోదా మారేవి. వాటికి నెట్. శాసన పాఠం, పాత సర్వే, ఒక ఊరి చరిత్ర, కావ్య పాఠం మారనివి. వాటి కోసం పుస్తకం దగ్గరికి వెళ్లాలి, లేదా ఆ పుస్తకపు స్కాన్ దగ్గరికి.

జిల్లా పేరు పెట్టే తిప్పలు

మన దగ్గర సోషల్ సైన్సు ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. అది నెట్‌లోనూ జరుగుతుంది, లైబ్రరీలోనూ జరుగుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం చిత్తూరు జిల్లా జనాభా సుమారు 41.74 లక్షలు. ఈ అంకె ఎక్కడ చూసినా ఉంటుంది. కానీ అది 2022 ఏప్రిల్ 4కు ముందున్న జిల్లాది. ఆ రోజు నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది. మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఇప్పటి చిత్తూరు జిల్లా జనాభా ఆ 41 లక్షల్లో సగం కూడా ఉండదు. "చిత్తూరు జిల్లాలో తాగునీటి అవసరం" అని లెక్క కట్టి, పాత జనాభాను కొత్త జిల్లా విస్తీర్ణంతో భాగించిన ప్రాజెక్టులో జనసాంద్రత ఉన్నదానికి రెట్టింపు దాటి కనిపిస్తుంది. మార్గం ఏమిటంటే జిల్లా అంకెలు వదిలేసి మండలాల అంకెలు తీసుకోవడం. 2011 సెన్సస్ జిల్లా హ్యాండ్‌బుక్‌లో మండలాల వారీగా, ఊళ్ల వారీగా పట్టికలున్నాయి. సెన్సస్ శాఖ సైట్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతుంది. ఇప్పటి జిల్లాలో ఉన్న మండలాలు ఏవో ప్రభుత్వ గెజిట్‌లో చూసుకుని, వాటినే కూడుకోవాలి. ఎక్సెల్‌లో అరపూట పని.

ఇంకా వెనక్కి వెళ్తే లైబ్రరీ కేటలాగ్ కూడా దారి తప్పిస్తుంది. చిత్తూరు జిల్లా అనేదే 1911లో పుట్టింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు వైపు అంతా ఉత్తర ఆర్కాటు జిల్లా. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లా. 1800ల నాటి చంద్రగిరి తాలూకా గురించి వెతికేవాళ్లు 'చిత్తూరు' అన్న మాటతో కేటలాగ్‌లో వెతికితే ఏమీ రాదు, వెళ్లిపోతారు. వాళ్లకు కావలసింది 1881లో కాక్స్ రాసిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్, అంటే ఆంగ్లేయుల కాలపు జిల్లా వివరాల గ్రంథం. ఆ తర్వాత స్టువర్ట్ దాన్ని సవరించి మళ్లీ తెచ్చాడు. మదనపల్లె కోసం అయితే కడప జిల్లా మాన్యువల్ చూడాలి. తిరుత్తణి సంగతి ఇంకో రకం. 1911 నుంచి చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. 1951 సెన్సస్ చిత్తూరు అంకెలకూ 1961 అంకెలకూ పోలిక పెట్టి "జనాభా పెరుగుదల మందగించింది" అని తేల్చేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గూగుల్‌కు ఈ జిల్లా సరిహద్దుల చరిత్ర తెలియదు. మీరు అడిగిన మాట ఉన్న పేజీలు తెచ్చి ఇస్తుంది. పాత మాన్యువల్ పేరు చెప్పి అడిగితే స్కాన్ క్షణంలో తెస్తుంది, కానీ ఆ పేరు అడగాలని మీకు తెలియాలి. ఆ పేరు చెప్పేది యూనివర్సిటీ లైబ్రరీలో రెఫరెన్స్ విభాగపు ఉద్యోగి, లేదంటే మీకన్నా ముందు ఆ అంశం మీద పనిచేసిన పరిశోధకుడి గ్రంథసూచి.

తెలుగులో వెతకడం

ఇంగ్లీషులో వెతికేవాళ్లకు లేని కష్టాలు తెలుగు విద్యార్థికి కొన్ని ఉన్నాయి. వీటి గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు. తెలుగులో వెతికి, ఏమీ దొరక్క, "తెలుగులో దీని మీద ఏమీ లేదు" అని రాసేస్తారు. చాలాసార్లు ఉంటుంది.

మొదటి కష్టం అక్షరాలది. చిత్తూరు జిల్లా చెరువుల మీద పాత వ్యాసాలు కావాలనుకోండి. మీరు 'చెరువు' అని టైపు చేస్తారు. పాత పుస్తకాల్లో అది 'చెఱువు'. కొన్ని సెర్చ్ పెట్టెలు రెంటినీ ఒకటిగా చూడవు. అలాగే 'గ్రంథం' అని కొందరు, 'గ్రంధం' అని కొందరు, 'సంస్థ', 'సంస్ధ', 'వేంకటేశ్వర', 'వెంకటేశ్వర', అరసున్న ఉన్న మాట, లేని మాట, 'కాళహస్తి', 'శ్రీకాళహస్తి', 'శ్రీ కాళహస్తి'. సరైనది ఏదన్న చర్చ పక్కన పెట్టి, అచ్చులో ఏది ఉంటే అది దొరకాలి కాబట్టి అన్ని రూపాలతోనూ వెతకాలి. ఒక కాగితం మీద మీ అంశంలోని ముఖ్యమైన మాటలు ఐదారు రాసి, ఒక్కోదాని పక్కన దాని వేషాలన్నీ రాసుకోండి. వెతికినదానికి టిక్కు పెట్టుకోండి. చాదస్తంగా కనిపిస్తుంది కానీ రెండో రోజు ఏది వెతికారో ఏది వెతకలేదో గుర్తుండదు.

రెండో కష్టం ఫాంట్లది. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నుంచే ఉన్నా, మన డీటీపీ సెంటర్లు, పత్రికలు చాలా ఏళ్లు అను లాంటి పాత ఫాంట్లతోనే నడిచాయి. కొన్ని ఇప్పటికీ అంతే. ఆ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ తెర మీద చక్కని తెలుగులో కనిపిస్తుంది. లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. గూగుల్‌కు అది తెలుగు కాదు, కాబట్టి వెతుకులాటలో రాదు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు పడతాయి. అలా పడితే ఫైలు చెడిపోయిందని కాదు. ఫాంట్ మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి. మార్చాక వత్తులు, పొల్లులు ఒకసారి అసలుతో సరిచూడాలి.

మూడోది ఓసీఆర్. స్కాన్ చేసిన బొమ్మలోంచి అక్షరాలు గుర్తించే పద్ధతి ఇది. తెలుగులో ఈ మధ్య బాగుపడింది కానీ పాత సీసపు అచ్చు మీద, మసకబారిన కాగితం మీద తడబడుతుంది. వత్తు పోయి రెండు అక్షరాలవడం, 'ఘ' వచ్చి 'ఫ' స్థానంలో కూర్చోవడం, పేజీకి రెండు కాలమ్‌లుంటే ఎడమ వరసా కుడి వరసా కలిసిపోవడం మామూలే. అందువల్ల స్కాన్ పుస్తకంలో సెర్చ్ చేసి "ఈ మాట ఈ పుస్తకంలో లేదు" అని తీర్మానించకూడదు. విషయసూచిక తెరిచి, ఆ ప్రకరణం పేజీలు కళ్లతో తిప్పి చూడాలి.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. తెలుగు పుస్తకాలు వేలకొద్దీ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టులో స్కాన్ అయ్యాయి. ఆ స్కానింగ్ కేంద్రాల్లో టీటీడీది కూడా ఒకటి. ఆ ప్రాజెక్టు సైట్ తర్వాత మూతపడింది కానీ ఫైళ్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అయితే పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, ఎవరికి తోచిన స్పెల్లింగులో ఎక్కించారు. 'ఆంధ్ర' అన్న ఒక్క మాటకే 'ఎ' ఒకటి పెట్టినవాళ్లు, రెండు పెట్టినవాళ్లు, మధ్యలో అపాస్ట్రఫీ పెట్టినవాళ్లు ఉన్నారు. రచయిత పేరు చోట ప్రచురణకర్త పేరు, సంవత్సరం చోట సున్నాలు కూడా కనిపిస్తాయి. పేరుతో దొరక్కపోతే రచయిత ఇంటిపేరు ముక్కతో, అదీ కాకపోతే పేరులో మూడు నాలుగు అక్షరాల ముక్కతో వెతకాలి. దొరికాక ముఖపత్రం తెరిచి ఇది మనకు కావలసిన పుస్తకమే అని రూఢి చేసుకోవాలి. పేరు ఒకటి, లోపల పుస్తకం ఇంకొకటి ఉన్న ఫైళ్లు తగులుతాయి.

స్కాన్లలో ఇంకో లోటుంది. పాత గెజిటీర్లు, మాన్యువల్స్ వెనక మడతపెట్టిన పటాలు ఉంటాయి. స్కాన్ చేసే మనిషి వాటిని విప్పడు. మడతగానే ఫొటో తీస్తాడు, లేదా వదిలేస్తాడు. చెరువుల ప్రాజెక్టు చేసేవాళ్లకు అసలు కావలసింది ఆ పటమే. అందుకోసం అచ్చు ప్రతి ఉన్న లైబ్రరీకి పోయి, బల్ల మీద జాగ్రత్తగా పరిచి చూడటం తప్ప వేరే దారి లేదు.

ఊళ్లో ఏ పనికి ఏ లైబ్రరీకి

తిరుపతి విద్యార్థికి ఉన్న అదృష్టం ఏమిటంటే, ఒక్క ఊళ్లో ఇన్ని రకాల లైబ్రరీలు రాష్ట్రంలో చాలా ఊళ్లకు లేవు. కాకపోతే ఒకదానిలో దొరికేది ఇంకోదానిలో దొరకదు.

1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం లైబ్రరీకి పాత పరిశోధన గ్రంథాల కోసం, బైండు చేసిన పాత జర్నళ్ల కోసం వెళ్లాలి. అదే ప్రాంగణంలోని ప్రాచ్య పరిశోధన సంస్థకు దేవస్థానం 1939లో పునాది వేసింది, 1956లో విశ్వవిద్యాలయానికి అప్పగించింది. తాళపత్రాలు, కాగితపు రాతప్రతులు, సాహిత్య మూలాలు కావలసినవాళ్లకు అదే చోటు. సంస్కృత శాస్త్రాలకు జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం. ఆలయ చరిత్ర, వైష్ణవ సాహిత్యం, అన్నమయ్య కీర్తనలకు టీటీడీ గ్రంథాలయం, దాని ప్రచురణలు. ఇంజనీరింగ్, సైన్సులో కొత్త పాఠ్యగ్రంథాలకు ఐఐటీ, ఐసర్ లాంటి సంస్థల లైబ్రరీలు. బయటివాళ్లను అన్నిచోట్లా నేరుగా రానివ్వరు. మీ కాలేజీ ప్రిన్సిపాల్ లేదా గైడు సంతకంతో ఏ అంశం మీద, ఎన్నాళ్లు, ఏ పుస్తకాలు చూడాలో రాసిన ఉత్తరం, ఐడీ కార్డు పట్టుకెళ్తే పని సులువవుతుంది. "లైబ్రరీ చూసుకోవడానికి అనుమతి ఇవ్వండి" అని ఊరికే రాసిన ఉత్తరం కన్నా, మూడు పుస్తకాల పేర్లు రాసిన ఉత్తరానికి విలువ ఎక్కువ.

జిల్లా గ్రంథాలయ సంస్థ నడిపే పౌర గ్రంథాలయాల గురించి దాపరికం లేకుండా చెప్పాలి. అక్కడ పోటీ పరీక్షల పుస్తకాలు, కథలు, నవలలు, రోజువారీ పత్రికలు ఉంటాయి. పరిశోధన జర్నళ్లు ఉండవు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం, అడిగి మరీ వాడుకోవాలి. వీటికి వారపు సెలవు చాలాచోట్ల శుక్రవారం. ఆదివారం మూసి ఉంటుందనుకుని మానుకున్నవాళ్లు, శుక్రవారం వెళ్లి తాళం చూసి తిరిగొచ్చినవాళ్లు ఇద్దరూ ఉంటారు.

లోపలికి వెళ్లాక వెతకడానికీ పద్ధతుంది. చాలా కాలేజీ లైబ్రరీలు పుస్తకాలను డ్యూయీ దశాంశ పద్ధతిలో అమరుస్తాయి. అందులో తెలుగు భాష 494.827, తెలుగు సాహిత్యం 894.827, ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84. కొన్ని పాత లైబ్రరీల్లో రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ పద్ధతి ఉంటుంది. అక్కడ ఈ అంకెలు పనికిరావు, అక్షరాలూ గుర్తులూ కలిసి ఉంటాయి. ఏ పద్ధతి అయినా కంప్యూటర్ కేటలాగ్‌లో మీ అంశానికి చెందిన ఒక్క పుస్తకం దొరికితే చాలు. దాని నంబరు రాసుకుని అర దగ్గరికి వెళ్లి, దానికి అటూ ఇటూ ఉన్న పుస్తకాల వెన్నులన్నీ చదవాలి. మీకు పేరే తెలియని పుస్తకాలు అక్కడ తగులుతాయి. సెర్చ్ పెట్టెలో పేరు తెలియనిదాన్ని అడగలేం కదా.

కేటలాగ్‌లో తెలుగు రచయితల పేర్లు ఒక గోల. ఒకే రచయిత ఒక పుస్తకానికి ఇంటిపేరు కింద, ఇంకోదానికి అసలు పేరు కింద ఎక్కి ఉంటాడు. రెండు వైపులా చూడాలి. కేటలాగ్ 'ఉంది' అంటుంది, అరలో ఉండదు. అలాంటప్పుడు చూడాల్సిన చోట్లు నాలుగు. చదివేసి వదిలేసిన పుస్తకాల బల్ల, మళ్లీ సర్దాల్సిన ట్రాలీ, బైండింగుకు వేరుచేసిన కట్ట, నంబరులో రెండు అంకెలు తారుమారైతే వెళ్లి పడే అర. 894.827 పుస్తకం 894.872 దగ్గర దూరి ఉండటం వింతేమీ కాదు.

పుస్తకం చేతికొచ్చాక ముందు చూడాల్సింది ముఖపత్రం వెనక పేజీ. అక్కడ ప్రథమ ముద్రణ ఎప్పుడు, మీ చేతిలోది ఎన్నో ముద్రణ, పాఠం సవరించారా లేక అదే మళ్లీ అచ్చువేశారా అన్నది ఉంటుంది. 2015లో పునర్ముద్రణ అయిన పుస్తకంలోని సమాచారం 1962 నాటిది కావచ్చు. విద్యార్థులు 2015 అని రాసేసి, "తాజా అధ్యయనం ప్రకారం" అని మొదలుపెడతారు!

జర్నళ్లు, సిద్ధాంత గ్రంథాలు

ఇక్కడ లైబ్రరీ, ఇంటర్నెట్ ఒకటైపోయాయి. 2025 జనవరి 1న మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13 వేల జర్నళ్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ కాలేజీలకు అందుబాటులోకి వచ్చాయి. డబ్బు కేంద్రం కడుతుంది. ఇంట్లో ఫోన్‌లో తెరిస్తే ఒక వ్యాసానికి రెండు మూడు వేలు అడిగే పేజీ, క్యాంపస్ నెట్‌వర్క్‌లో తెరిస్తే ఉచితంగా వస్తుంది. ఈ సంగతి తెలియక డబ్బు కట్టినవాళ్లున్నారు, వ్యాసమే వదులుకున్నవాళ్లున్నారు. బయటి నుంచి వాడుకునే లాగిన్ కావాలంటే మీ సంస్థ లైబ్రేరియన్‌ను అడగాలి. తొలి దశ ప్రభుత్వ సంస్థలకే. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు తమ కాలేజీ ఏ డేటాబేస్‌లకు చందా కట్టిందో కనుక్కోవాలి, లేదా గూగుల్ స్కాలర్‌లో 'అన్ని ప్రతులు' అన్న లింకు కింద రచయిత స్వయంగా పెట్టిన ఉచిత ప్రతి ఉందేమో చూడాలి. రచయితకు మర్యాదగా ఈమెయిల్ రాసి అడిగితే చాలామంది పంపిస్తారు.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ అనే సైట్ ఉంది. ఒక్కో గ్రంథం అధ్యాయాలుగా విడివిడి ఫైళ్లలో ఉంటుంది. అన్నీ దించుకోనక్కర్లేదు. ముందు గ్రంథసూచి ఫైలు ఒక్కటి తెరవండి. చిత్తూరు జిల్లా చెరువుల మీద ఎవరో మూడు నాలుగేళ్లు పనిచేసి పోగుచేసిన మూలాల పట్టిక మీ ముందుంటుంది. దానిలోంచి పది పేర్లు రాసుకుని లైబ్రరీకి వెళ్తే, వారం పట్టే పని ఒక పూటలో తేలుతుంది. అయితే ఆ గ్రంథంలోని తీర్మానాలను కళ్లు మూసుకుని ఎత్తుకోకూడదు. సిద్ధాంత గ్రంథాల నాణ్యత ఒక్కోటి ఒక్కో తీరు.

చెరువుల విషయంలో నెట్ మాత్రమే ఇవ్వగలిగినవీ ఉన్నాయి. కేంద్ర జలశక్తి శాఖ 2023లో విడుదల చేసిన జలవనరుల గణన, ఇస్రో భువన్ పటాలు, గూగుల్ ఎర్త్‌లో ఏడాది వెనక్కి జరిపి చూసే పాత ఉపగ్రహ చిత్రాలు. 2021 నవంబరు వానల్లో గండి భయంతో ఊళ్లు ఖాళీ చేయించిన రాయలచెరువు నీటి విస్తీర్ణం ముందెంత, తర్వాతెంత అన్నది ఏ పుస్తకంలోనూ లేదు, చిత్రాల్లో కొలుచుకోవచ్చు. కానీ ఆ వారం ఊళ్లలో ఏం జరిగిందన్నది జిల్లా అనుబంధ పేజీల్లో వచ్చింది. ఆ పేజీలు ఉచిత ఈ-పేపర్లో ఎప్పటికీ ఉండవు, పాతవి తీసేస్తారు. పత్రికలు బైండు చేసి దాచే లైబ్రరీ ఏదో కనుక్కోవాలి. మరీ పాత పత్రికలైతే మళ్లీ నెట్టే మేలు. ఆంధ్రపత్రిక, భారతి లాంటివాటి పాత సంచికలను ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేయించింది. కాగితం ముట్టుకుంటే పొడైపోతున్న సంచికలవి.

ఏఐ ఇచ్చిన రెఫరెన్సు

ఇప్పుడు విద్యార్థులు మొదట అడుగుతున్నది చాట్‌బాట్‌నే. అంశం అర్థం చేసుకోవడానికి, ఇంగ్లీషు వ్యాసం సారాంశం తెలుసుకోవడానికి, వెతకాల్సిన మాటలు తట్టడానికి వాడుకోవచ్చు. రెఫరెన్సులు ఇమ్మని అడిగినప్పుడే ప్రమాదం. రచయిత పేరు, వ్యాసం పేరు, జర్నల్, సంపుటి, పేజీలు అన్నీ నమ్మేలా అల్లి ఇస్తుంది. చాలాసార్లు అలాంటి వ్యాసమే ఉండదు. అది మాటల వరసను ఊహించే యంత్రం, కేటలాగ్ చూసి చెప్పడం లేదు. తెలుగు అంశాల మీద ఈ కల్పన ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది నేర్చుకున్న తెలుగు సమాచారమే తక్కువ. ప్రతి రెఫరెన్సుకూ పరీక్ష ఒకటే. వ్యాసం పేరు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకాలి. డీఓఐ నంబరు (ఒక్కో వ్యాసానికి విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఇస్తే దాన్ని తెరిచి అదే వ్యాసానికి పోతుందా చూడాలి. జర్నల్ సైట్‌లో ఆ సంపుటి, ఆ పేజీలు తిప్పాలి. పుస్తకమైతే ఏదో ఒక లైబ్రరీ కేటలాగ్‌లో కనిపించాలి. కనిపించకపోతే కొట్టేయడమే, "బహుశా ఉండొచ్చు" అని ఉంచుకోవడం లేదు.

వికీపీడియా మీద కాలేజీల్లో ఉన్న చిన్నచూపు మాత్రం కొంత అన్యాయం. వ్యాసాన్ని మూలంగా చూపకూడదు, నిజమే. కానీ అడుగున ఉన్న మూలాల పట్టిక, 'చరిత్ర' ట్యాబ్‌లో ఎవరు ఎప్పుడు ఏ అంకె మార్చారో కనిపించే తీరు, ఇలాంటివి చాలా అచ్చు పుస్తకాలకు లేవు.

నోట్సు, కాపీ, జిరాక్సు

పుస్తకంలోంచి రాసుకునేటప్పుడు ప్రతి నోటు కిందా పేజీ నంబరు అక్కడికక్కడే రాయాలి. స్కాన్ పుస్తకమైతే ఫైలు చూపే పేజీ నంబరు, పుస్తకం మీద అచ్చయిన నంబరు వేరు. ముందుమాటలు, పీఠికల పేజీలు కలవడం వల్ల పదీ ఇరవై తేడా వస్తుంది. అచ్చయినదే రాయాలి. వెబ్ పేజీ అయితే చూసిన తేదీ రాసుకుని, పీడీఎఫ్‌గా దాచుకుని, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో భద్రపరిచి ఆ లింకు కూడా పెట్టుకోవాలి. ప్రభుత్వ సైట్లు రూపు మార్చిన ప్రతిసారీ పాత లింకులు వందలకొద్దీ చచ్చిపోతాయి. సమర్పించేనాటికి మీ మూలం మాయమైపోతే గైడు అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

ఎవరి మాటలు వాళ్లవని చెప్పకుండా ఎత్తిరాస్తే ఏమవుతుందో యూజీసీ 2018 నిబంధనల్లో ఉంది. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కొటేషన్ గుర్తుల్లో పెట్టి మూలం చెప్పిన భాగాన్ని, గ్రంథసూచిని, యాదృచ్ఛికంగా కలిసే 14 వరుస పదాల వరకు ఉన్న ముక్కల్ని ఇందులో లెక్కించరు. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి మార్చి సొంతమని పెడితే సాఫ్ట్‌వేర్ పట్టుకోలేకపోవచ్చు. ఆ వ్యాసం చదివిన ఎగ్జామినర్ పట్టుకుంటాడు.

జిరాక్సు సంగతి. మన కాపీరైటు చట్టం సొంత చదువుకూ పరిశోధనకూ సముచితంగా వాడుకోవడాన్ని అనుమతిస్తుంది. ఒక అధ్యాయం కాపీ తీసుకోవడం వేరు, మొత్తం పుస్తకం తీసి స్పైరల్ బైండింగ్ చేయించడం వేరు. రచయిత చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి లెక్కిస్తే 60 ఏళ్లు నిండిన పుస్తకాలకు ఈ బాధ లేదు. 1960లో కన్నుమూసిన రచయిత పుస్తకాలు 2021 జనవరి 1 నుంచి అందరివీ. లైబ్రరీలో ఫోన్‌తో ఫొటో తీసుకోవాలంటే ముందు అడగాలి. తాళపత్రాల దగ్గర ఫ్లాష్ అసలు వాడకూడదు. ఫొటో తీసేటప్పుడు ముందుగా ముఖపత్రం, దాని వెనక పేజీ, ఆ తర్వాతే కావలసిన పేజీలు తీయండి. లేకపోతే నెల తర్వాత గ్యాలరీలో యాభై పేజీల ఫొటోలు ఉంటాయి, ఏ పుస్తకంవో చెప్పే ఆనవాలు ఒక్కటీ ఉండదు.